బెల్టు వంతు

ఆదివారం మధ్యాహ్నాలు మా ఒంటిగది ఖోలీలో మేము ఏం ఆడతామో వరుసగదుల మా చాల్‌లో పెద్దవాళ్లకు ఇప్పటికీ అర్థం కాలేదు. మొదట్లో పేకాటేమోనని తలుపు దగ్గర నిలబడి తొంగిచూసేవాళ్లు. ముక్కలు కనబడకపోయేసరికి ఏదో భూతవైద్యం అనుకున్నారు. వాళ్లననుకుని లాభం లేదు. వయసొచ్చిన మనుషులు చాప మీద కూర్చుని, ఒకరు "నేను గుహలోకి పోతున్న" అంటే ఇంకొకరు "ఆగు, నేను దీపం పట్టుకుంట" అంటుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఆట సంగతి చెప్పాలంటే చాలా తేలిక. అందులో గెలవడం ఉండదు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో మనిషి అవుతారు. ఒకరు విలుకత్తె, ఒకరు మంత్రగాడు. "మీ ముందు వాగు ఉంది, ఏం చేస్తారు?" అని కథ చెప్పే మనిషి అడుగుతుంది. "దూకుతా" అంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దాటినట్టు, చిన్నది పడితే వాగులో పడినట్టు. కథ చెప్పేది నేను. ఎవరు చేసిన పనికి ఏం ఫలితం రావాలో తేల్చేదీ నేనే. అందుకని ఎదురు ఖోలీలో ఉండే బస్సు కండక్టరన్న నన్ను ఎగతాళిగా "పెద్దమనిషి" అని పిలవడం మొదలుపెట్టాడు. పంచాయితీ చెప్పే కులపెద్దను మావాళ్లు అలాగే అంటారు.

నేను బొంబాయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక స్కానింగ్ సెంటర్‌లో రిపోర్టులిచ్చే కౌంటర్లో కూర్చుంటాను. నలభై మూడేళ్లు. మా తాత పాలమూరు నుంచి తట్టలు మోయడానికి వచ్చి కామాఠిపురలో దిగాడు. ఆ తర్వాత మావాళ్లెవరూ ఈ గల్లీ దాటి పోలేదు. ఆట నాకు నేర్పింది మా సెంటర్లో కొన్నాళ్లు పనిచేసిన ఒక డాక్టరమ్మ. భోజనాల వేళ మమ్మల్ని కూర్చోబెట్టి ఆడించేది. వేరే ఊరికి వెళ్లిపోతూ పుస్తకం, పాచికల సంచి నా చేతిలో పెట్టింది. అవి నా బీరువాలో రెండేళ్లు పడి ఉన్నాయి.

వాటిని బయటికి తీసింది అమ్మ పోయిన తర్వాత. చివరి నెల అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఇంటికి తీసుకుపొమ్మని అడిగింది. మాది మూడో అంతస్తు, కర్రమెట్లు. కుర్చీలో కూర్చోబెట్టి మోయాలంటే నలుగురు కావాలి, నలుగురికీ సెలవు దొరికేది ఆదివారమే. "ఆదివారం పోదామే" అన్నాను. శుక్రవారం పోయింది. వచ్చినవాళ్లంతా నా భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదు, చేయాల్సిందంతా చేశావు" అన్నారు. ఒక్కరు కూడా వేరే మాట అనలేదు. నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసేది, నిద్ర పట్టేది, డ్యూటీకి పోయేదాన్ని. లోపల మాత్రం పన్ను పీకేముందు సూది వేసిన చిగుళ్లలాగా మొద్దుబారి ఉండేది. మిగతా రోజులు ఎలాగో గడిచేవి. ఆదివారం ఖోలీలో ఒక్కదాన్నే కూర్చోవడం నా వల్ల కాలేదు, అందుకే ఆట.

మొదట ముగ్గురమే. నేను, కండక్టరన్న, మా పిన్ని కూతురు. పిన్ని కూతురు బట్టల షోరూంలో పనిచేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే సగం హిందీయే వస్తుంది. ఆటలో ఆమె విలుకత్తె, కండక్టరన్న మంత్రగాడు. మనిషి బస్సులో రోజంతా ఎవరి మీదా అరవకుండా ఉంటాడు కాబట్టి, ఆదివారం ఆ మంత్రాలన్నీ అరిచి చదివేవాడు.

నేను మంచి పెద్దమనిషిని కాను. కఠినం. ఒకసారి కొండ దయ్యాలను తరమడానికి విలుకత్తె ఒక ఊరి ధాన్యం కొట్టుకు నిప్పు పెట్టింది. దయ్యాలు పారిపోయాయి. మా పిన్ని కూతురు చప్పట్లు కొట్టింది. పై ఆదివారం వాళ్లను మళ్లీ అదే ఊరి మీదుగా నడిపించాను. చలికాలం, తినడానికి గింజ లేదు, తల్లులు పిల్లల్ని పట్టుకుని తలుపుల్లో కూర్చున్నారు. "వాళ్లు నిన్ను గుర్తుపట్టారు. ఏం చెబుతావు?" అన్నాను. మా పిన్ని కూతురికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇది ఆటనా, కోర్టా చెల్లె?" అన్నాడు కండక్టరన్న.

"చేసినప్పుడు బాగుండె గద అన్నా" అన్నాను. నాకేమీ అనిపించలేదు. వాళ్లకు అనిపించడం చూస్తూ కూర్చునేదాన్ని, అదే నాకు కాలక్షేపం.

నాలుగో మనిషి ఎలా వచ్చాడో చెప్పాలి, ఎందుకంటే ఈ రాతంతా ఆయన గురించే. తాపీమేస్త్రి, ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. మొదట చూసింది మా కౌంటర్ దగ్గర. నేను ఫోన్లో ఎవరినో తెలుగులో తిడుతున్నాను. పెట్టేశాక, "మీరు మనోళ్లేనా అక్కా?" అన్నాడు. ఆయనది మహబూబ్‌నగర్ దిక్కు పల్లె. బామ్మర్ది వెన్నుపూస స్కాన్ రిపోర్టు కోసం వచ్చాడు. ఇద్దరూ ఒకే సైటులో పనిచేసేవాళ్లట. నాలుగో అంతస్తు పరంజా మీద నుంచి బామ్మర్ది పడ్డాడు. కవరు ఇచ్చాను. ఆయన దాన్ని తెరవకుండా అలాగే పట్టుకుని, "నడుస్తడా అక్కా?" అని అడిగాడు. "డాక్టర్‌ను అడగాలి" అన్నాను. రోజుకు ఇరవైసార్లు అనే మాట అది. రిపోర్టులో ఏముందో నాకు తెలుసు. నడవడు.

ఆయన కౌంటర్ ముందే నిలబడి, "మీ దిక్కు ఖోలీ ఏమన్న దొరుకుతదా?" అన్నాడు. వర్లిలో ఒక చాల్‌లో భార్యతో, బామ్మర్దితో కలిసి ఉంటున్నానని అంతకు ముందే చెప్పాడు. మరి ఖోలీ ఎందుకంటే, కొత్త సైటు మా పక్కనే ఫాక్‌లాండ్ రోడ్ దగ్గరన్నాడు. మా చాల్ కింది అంతస్తులో ఆరుగురు పాలమూరు కూలీలు ఒక గదిలో ఉంటారు. వాళ్ల దగ్గర చోటు చూపించాను. వచ్చి చేరాడు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, వర్లికి ఒక్కసారి కూడా పోలేదు. వర్లి ఎంత దూరం, ఒక బస్సు. సరుకులు కొని తెలిసినవాళ్ల చేత పంపేవాడు, రోజూ ఫోన్ చేసేవాడు. భార్య ఏమంటుందో నాకు చెప్పేవాడు.

"ఆమె ఏమంటదక్కా, నువ్వేం జేస్తవ్, నీ తప్పేమున్నది, పని జేస్కో అంటది. సైటు ఠేకేదారు గూడ గదే అన్నడు. మావోళ్లందరు గదే అన్నరు."

"మరి ఇంటికి పోరాదు?"

"పోత."

పోలేదు. ఒక ఆదివారం గదిలో స్నానం చేసే మూల, మా మోరీ గోడ కారుతుంటే బాగుచేయడానికి పైకొచ్చాడు. సిమెంటు ఆరేదాకా ఆట వింటూ కూర్చున్నాడు. వచ్చేవారం తనే వచ్చి చాప చివర కూర్చున్నాడు. నువ్వు ఎవరివి అవుతావంటే, "రాతిపని జేసేటోన్ని ఉన్నడా?" అన్నాడు. పుస్తకంలో వెతికి ఒక మరుగుజ్జు రాతిపనివాణ్ణి ఇచ్చాను. ఆ తర్వాత నేను ఏ గుహ చెప్పినా, ఏ కోట చెప్పినా ఆయన మొదట గోడ చూసేవాడు. "ఈ గోడ సక్కగ లేదక్కా, మనం దీని కింద నిలబడొద్దు" అనేవాడు. రాక్షసులు వస్తున్నారురా బాబూ అన్నా వినడు. ఆయన కోసం కథంతా తెలుగులోనే చెప్పడం అలవాటయింది. పిన్ని కూతురు కూడా అప్పుడే కాస్త తెలుగు నేర్చుకుంది.

ఆ పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది, తొమ్మిది గడులు. ఎవరి పాత్ర మంచిదో, చెడ్డదో, మధ్యరకమో ఆట మొదలుకాకముందే ఒక గడిలో రాసుకోవాలి. ఆయనకు అది చదివి వినిపించాను.

"మంచోన్నని ముందుగాల్నే రాసుకుంటరా?" అన్నాడు.

"అవును."

"జేసినంక రాయాలె గద?"

కండక్టరన్న నవ్వి, ఆ కాగితం చించేశాడు. మా ఆటలో ఆ గడులు అప్పటి నుంచి లేవు.

ఆయన వచ్చిన నాలుగో ఆదివారమో ఐదోదో, మరుగుజ్జు ఒక చెరువు తూము రాయి లాగేశాడు. శత్రువులు కొట్టుకుపోయారు. కింద ఒక గొర్లకాపరి గుడిసె కూడా కొట్టుకుపోయింది. "తప్పు నీదే తమ్మీ" అన్నాను.

"ఎంత?" అన్నాడు.

పిన్ని కూతురు విరగబడి నవ్వింది. "గల్తీ కిత్నీ? గల్తీ కూడా కిలోల్లో ఉంటదా భయ్యా?" అంది. ఆమెకు తప్పంటే గల్తీ అని మాత్రమే తెలుసు. బొంబాయిలో పుట్టినవాళ్లం, నాకు కూడా ఒక్క క్షణం తట్టలేదు. ఆయన నవ్వలేదు. ఓపికగా చెప్పాడు. వాళ్ల పల్లెలో కులపెద్దలు కూర్చుని నీది తప్పు అంటే, కట్టాల్సింది కూడా చెప్పాలి. చేసిన పని పేరూ తప్పే, కట్టేదాని పేరూ తప్పే. చేతులు జోడించి అందరి ముందు నిలబడాలి, కొబ్బరికాయ కొట్టాలి, వాళ్లు చెప్పిన పని చేయాలి.

"కట్టినంక తెగినట్టు. మల్ల ఆ ముచ్చట ఎవ్వడు ఎత్తొద్దు. ఎత్తితే వానికి తప్పు వడ్తది."

"మరి కట్టకపోతే?" అన్నాడు కండక్టరన్న.

"కట్టమని ఎవ్వలు అనకపోతే ఏం జేస్తవన్నా? గట్లనే తిరగాలె."

నాకు ఆ కులపెద్దల మీద భక్తి లేదు. మా నాయనమ్మ చెల్లెలు భర్త పోయిన ఏడాది లోపల ఎవరో జోకు వేస్తే నవ్విందని ఆమె మీద తప్పు వేసిన పెద్దలు ఈ కామాఠిపురలోనే ఉండేవాళ్లు. అయినా ఆ లెక్క మా ఆటకు కుదిరింది. ఎవరైనా చెడు చేస్తే తప్పు వేయడం మొదలుపెట్టాను. మరుగుజ్జు గొర్లకాపరికి గుడిసె కట్టి ఇచ్చాడు, విలుకత్తె ఆ కరువు ఊళ్లో ఒక పంటకాలమంతా పొలం పని చేసింది. తప్పు కట్టిన రోజు వాళ్ల ముఖాలు తేటగా ఉండేవి. నేను చూస్తూ ఉండేదాన్ని.

ఇంకో నెల గడిచాక ఒక ఆదివారం లోయ దాటాల్సి వచ్చింది. నేను పెట్టిన నియమం ఇది: తాడు ఒక్కటే ఉంది. నడుముకు కట్టుకున్నవాళ్లు జారినా వేలాడతారు, కట్టుకోనివాళ్లు పోతారు. ఒకరు దాటి తాడు వెనక్కి విసరాలి, ఇంకొకరు కట్టుకోవాలి. అలా ఎందుకు పెట్టానో నాకు గుర్తులేదు. ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి పెట్టాను. మరుగుజ్జు దాటాడు. తర్వాత వంతు విలుకత్తెది.

"తాడు ఇయ్యి భయ్యా" అంది పిన్ని కూతురు.

"ఇయ్యను" అన్నాడు.

"అరే, మేరీ బారీ హై!"

"పది నిమిషాలు. పది నిమిషాలాగి ఇస్త."

ఆ పిల్లకు ఓపిక తక్కువ. "ఛల్, నేను అట్లనే వస్త" అని పాచిక వేసింది. రెండు పడింది. విలుకత్తె లోయలో పడిపోయింది. మొదట అందరం నవ్వాం, తర్వాత ఆమెకు అర్థమై మూతి ముడుచుకుంది. ఏడాది నుంచి ఆడుతున్న పాత్ర మరి.

ఆయన పాచిక వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నాడు. "అక్కా, జెప్పు. తప్పు ఎవలది?"

నేను అలసిపోయి ఉన్నాను. పుస్తకం ప్రకారం చెప్పేశాను. "దాటమని ఎవరూ అనలేదు. పాచిక అట్ల పడింది. ఎవరి తప్పూ లేదు."

ఆట ముగిశాక గది ముందున్న గ్యాలరీలో ఆరిన బట్టలు తీస్తుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. సైటులో ఇద్దరికి ఒకటే సేఫ్టీ బెల్టు ఇచ్చేవాళ్లట. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, వంతులు. ఆ రోజు మధ్యాహ్నం వంతు బామ్మర్దిది. "బావా బెల్టు" అని అడిగాడు. ఈయన గోడ చివర సిమెంటు పూస్తున్నాడు, విప్పితే పని ఆగిపోతుంది. పది నిమిషాలాగు అన్నాడు. ఆ పది నిమిషాల్లో బామ్మర్ది పడ్డాడు. ఈ సంగతి ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. భార్యకు కూడా.

"నీ తప్పేం లేదు తమ్మీ" అన్నాను. నా నోరు దానంతట అదే అంది.

"మీరు గూడ గంతేనా" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కింద కుళాయి దగ్గర కనబడితే తల తిప్పుకునేవాడు. పిన్ని కూతురు తన విలుకత్తె కోసం ఏడ్చి, కొత్త పాత్ర రాసుకుంది. నాకు మొదట విసుగు, తర్వాత కోపం. ఎవరి మీదో తెలియదు. కౌంటర్లో కూర్చుని కవర్లు ఇస్తుంటే ఒక రోజు తెలిసింది. నా భుజం మీద చేతులేసి నా నోరు మూయించినవాళ్లందరి మీదా కోపం, వాళ్లలో నేనూ ఒకదాన్నయ్యాను. ఆయనకు కావలసింది ఓదార్పు కాదు. నీది తప్పు అని ఒక్కరంటే చేతులు జోడించి నిలబడతాడు, ఆ తర్వాత ఇంటికి పోతాడు. అనేవాళ్లు లేక వర్లి బస్సు ఎక్కలేకపోతున్నాడు. ఈ మాత్రం తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఆదివారం పొద్దున్నే కిందికి దిగాను. కుళాయి దగ్గర చొక్కా పిండుతున్నాడు.

"తమ్మీ, నీది తప్పే" అన్నాను.

చొక్కా బకెట్లో వదిలేసి నిలబడ్డాడు. తడి చేతులు నిజంగానే జోడించాడు. నాకు ఇబ్బందిగా ఉండి అటూ ఇటూ చూశాను.

"ఏం కట్టాలె జెప్పుండ్రి."

"ఇయ్యాల్నే వర్లి పో. నీ పెండ్లాం ముందట, వాని ముందట, బెల్టు సంగతి నీ నోటితోని చెప్పు. ఇగ నుంచి వాన్ని కడిగేది, ఎత్తేది, తిప్పేది నువ్వే. అదే నీ తప్పు."

గంటలో ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి సర్దుకుని పోయాడు. ఆ మధ్యాహ్నం ఆటలో నేను ఎన్నడూ లేనంత బాగా కథ చెప్పాను. గర్వంగా ఉండింది, ఒప్పుకుంటాను.

గురువారం కౌంటర్లో ఉండగా ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

"నువ్వు గా ఆట ఆడిచ్చే అక్కవేనా? పెద్దమనిషివట గద."

ఆయన భార్య. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీ ఆయన చెప్పిండా?" అన్నాను.

"చెప్పిండు. నా ముంగట, నా తమ్ముని ముంగట చేతులు జోడిచ్చి చెప్పిండు. బెల్టు వంతు ఎవలదో నా తమ్మునికి తెల్వదా అక్కా? పడ్డోడు వాడే గద! ఐదు నెలల సంది వాని నోట్లకెళ్లి ఒక్క మాట రాలే. ఎందుకు రాలే? నా సంసారం నిలవాలని. వాడు మింగి కూసున్నదాన్ని నువ్వు కక్కిచ్చినవ్."

నిజంగా, నాకు ఆ సంగతి తట్టనే లేదు. పడినవాడికి తెలిసే ఉంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"ఇప్పుడు వాడు మొఖం గోడ దిక్కు తిప్పి పంటున్నడు. ఈయన కడుగుతడు, వాడు కడిగిచ్చుకుంటడు, మాట లేదు. నేను ఈయనతోని మాట్లాడితే వానికి కోపం, మాట్లాడకపోతే ఎట్ల బతకాలె? ఇద్దరికి అన్నం పెట్టేది నేనే. పెద్దమనిషి తప్పు ఏసి ఇంట్ల కూసుంటదా? తప్పు ఏసినోళ్లు ఆ ఇద్దరిని పక్కల కూసోవెట్టుకుని తినాలె. తింటేనే తెగినట్టు. నువ్వు యాడ తిన్నవ్?"

ఈ తినే సంగతి ఆయన మాకు చెప్పలేదు. ఎవరికైనా తెలిసిందేగా అనుకుని ఉంటాడు. మా నాయనమ్మను అడిగితే చెప్పేదే, నేనెప్పుడూ అడగలేదు.

"ఆదివారం వస్త" అన్నాను. అన్నాక, అమ్మతో అన్నదీ ఇదే మాటని తట్టింది. "కాదు, ఇయ్యాల్నే వస్త. డ్యూటీ అయినంక."

డ్యూటీ అయ్యేదాకా ఆగలేక నాలుగింటికే సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కాను. వర్లిలో వాళ్లది పాత మిల్లు గోడ పక్కన కింది అంతస్తు ఖోలీ. తలుపులోనుంచే మంచం కనబడుతుంది. పేరుకు రెండు మెట్లే గానీ, నాకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఆమె కోడికూర వండింది. నన్ను చూసి కూర్చోమనలేదు, పళ్లేలు కడగడం మొదలుపెట్టింది.

బామ్మర్దికి పాతికేళ్లుంటాయేమో. నడుము పైన మంచి పనివాడి ఒళ్లు, భుజాలు గట్టిగా ఉన్నాయి. నడుము కింద దుప్పటి పల్చగా ఉంది. బావ వచ్చి వెనక దిండ్లు పెట్టి లేపి కూర్చోబెట్టాడు. ఎంత జాగ్రత్తగా లేపాడంటే నేను చూడలేకపోయాను. ఆ పిల్లవాడు ఆయన ముఖం వైపు చూడలేదు, దిండు సర్దుకున్నాడు. మంచం పక్కనే రెండు పీటలు వేశారు. నేను మధ్యలో. అటు మంచం మీద ఆ పిల్లవాడు, ఇటు పీట మీద ఆయన. ఆమె నాలుగు పళ్లేల్లో వడ్డించి తలుపుకు ఆనుకుని కూర్చుంది.

ఎవరూ చెయ్యి పెట్టలేదు. నా కోసమే ఆగారని కాసేపటికి అర్థమైంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. కారం ఎక్కువగా ఉంది. ఆయన తిన్నాడు, ఆమె తింది. చివరికి ఆ పిల్లవాడు కూడా ఒక ముద్ద తిన్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. అయిపోయింది, తెగింది అనుకున్నాను.

"అక్కా" అన్నాడు ఆ పిల్లవాడు. నేను వచ్చాక అతను అన్న మొదటి మాట అది. "తిన్నంక ఇగ ఎవ్వలు ఎత్తొద్దు గద ఈ ముచ్చట?"

"అవును తమ్మీ. ఎవ్వరూ ఎత్తొద్దు."

"నేను గూడనా?"

ఆటలో నష్టపోయినవాళ్ల గొంతు కూడా నేనే. గొర్లకాపరి ఏమన్నాడో, కరువు ఊరి తల్లులు ఏమన్నారో నేనే చెప్పేదాన్ని. వాళ్లు నేను అనిపించినంతే అన్నారు, ఒక్కరూ నన్ను తిరిగి అడగలేదు. నాకు భయం వేసింది. ఏడాదిగా ఏమీ అనిపించలేదని చెప్పాను గదా, అప్పుడు మాత్రం అనిపించింది. ఈ ఐదు నెలలు ఆ పిల్లవాడు తనంతట తాను నోరు మూసుకున్నాడు. ఇప్పుడు నేను వచ్చి, కూర తిని, ఆ నోరు శాశ్వతంగా మూసేసి పోబోతున్నాను. బావ తల వంచుకుని ఉన్నాడు. ఆయనకు కావలసింది దొరికింది, దాన్ని నేను మళ్లీ లాక్కోవాలి.

"నువ్వు ఎత్తొచ్చు" అన్నాను. "నీకు ఆ కట్టుబాటు లేదు. ఎప్పుడు ఎత్తాలనిపిస్తే అప్పుడు ఎత్తు. నీ మీద తప్పు పడదు."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు.

"అయితే ఇప్పుడే ఎత్తుత" అన్నాడు పిల్లవాడు. మంచం మీద నుంచి బావ ముఖంలోకి చూశాడు. "బావా, ఆ దినం వంతు నాది."

"నీదే."

"నేను రెండు మాట్ల అడిగిన."

ఒకసారి అడిగాడనే ఆయన నాకు చెప్పాడు. నేను ఆయన వైపు తిరిగాను. చెయ్యి పళ్లెంలోనే ఉంది, అన్నం ఎండిపోతోంది.

"అవు. రెండు మాట్ల అడిగినవ్."

"రెండోమాటు అడిగితే నువ్వు నవ్వినవ్. ఏమిరా భయమైతుందా అని నవ్వినవ్."

బయట కుళాయి దగ్గర ఎవరో బిందెలు మార్చుకుంటున్నారు. ఆయన పళ్లెంలోంచి చెయ్యి తీశాడు.

"నవ్విన."

నేను లేవబోయాను. ఆమె చేత్తో నన్ను కూర్చోమని సైగ చేసింది. గిన్నె తీసుకుని మంచం దగ్గరికి పోయి, తమ్ముడి పళ్లెంలో ఇంకొంచెం అన్నం వేసి, "ఇంక జెప్పు" అంది.